బిల్లీ వైల్డర్ ఎప్పుడూ ఇంకొకరితో కలిసే రాసేవాడట, మరి ఆ స్క్రిప్టుల్లో ఎవరి పాలెంత?

పేపర్‌పెన్ను:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో వెబ్ సిరీస్‌లకి మాటలు రాస్తుంటాను, ఒక ఫ్రెండ్‌తో కలిసి. ఈ మధ్య పాత హాలీవుడ్ రైటర్-డైరెక్టర్ బిల్లీ వైల్డర్ సినిమాలు వరసపెట్టి చూస్తున్నా. డబుల్ ఇండెమ్నిటీ, సన్‌సెట్ బులెవార్డ్, సమ్ లైక్ ఇట్ హాట్, ది అపార్ట్‌మెంట్ అయిపోయాయి. చూస్తున్నకొద్దీ ఒక డౌట్ వదలట్లేదు. ఏ స్క్రిప్టు చూసినా ఈయన పక్కన ఇంకో పేరు ఉంటోంది. ఒకదానికి చార్లెస్ బ్రాకెట్, ఇంకోదానికి రేమండ్ చాండ్లర్, తర్వాతవన్నీ ఐ.ఎ.ఎల్. డైమండ్. పైగా అమెరికాలో దిగేనాటికి ఈయనకి ఇంగ్లీషు సరిగా రాదంటారు. భాషే రాని మనిషి ఆ భాషలో డైలాగుకి పెద్ద దిక్కు ఎలా అయ్యాడు? పక్కనున్నవాళ్ళు రాసింది ఈయన ఖాతాలో పడిందా?

ఎందుకు అడుగుతున్నానంటే మన దగ్గర "కథ, మాటలు, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం" అని ఒకే పేరు పెద్దగా పడుతుంది, గదిలో కూర్చుని నెలల తరబడి రాసిన నలుగురూ ఎక్కడో థాంక్స్ కార్డులో తేలతారు. పేర్లు వద్దు గానీ ఒక ప్రాజెక్టులో మాకూ అదే జరిగింది. ఆ తర్వాత నుంచి నేనూ మా ఫ్రెండూ ఏది రాసినా "ఈ సీను నీదా నాదా" అన్న లెక్క మొదలైంది, అది ఇంకా చిరాకు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, లింకులు పడేసి పోవద్దు ప్లీజ్.

రీలుపెట్టె:

ఆయన ఖాతాలో పడిందా అంటే, మీరే చెప్పారు కదా ఆ పేర్లన్నీ తెర మీద ఉన్నాయని. కొట్టేసేవాడైతే మీకు ఆ పేర్లు తెలిసేవే కావు. ఇంకో విషయం, మీకు జరిగిందన్నారే, అది ఆయనకీ జరిగింది. బెర్లిన్‌లో ఉన్న రోజుల్లో మూకీ సినిమాలకి వేరేవాళ్ళ పేరు మీద బోలెడన్ని స్క్రిప్టులు రాసిచ్చాడు, డబ్బులకోసం. అంటే ఈయన మొదలైందే ఘోస్ట్ రైటర్‌గా.

కొంచెం వెనక్కి వెళ్తే గానీ భాష సంగతి అర్థం కాదు. 1906 జూన్ 22న సుహా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ, ఇప్పుడు పోలండ్. యూదు కుటుంబం. అసలు పేరు శామ్యూల్, వాళ్ళమ్మకి అమెరికా పిచ్చి, అమెరికన్ కౌబాయ్ షోల హీరో బఫెలో బిల్ గుర్తుగా ముద్దుగా "బిల్లీ" అని పిలిచేది, అదే నిలిచిపోయింది. పెరిగి వియన్నాలో రిపోర్టరయ్యాడు. 1926లో పాల్ వైట్‌మన్ అనే అమెరికన్ జాజ్ బ్యాండ్ పెద్దాయన వియన్నాకి వస్తే ఇంటర్వ్యూ చేసి, ఆ బ్యాండ్ వెనకే బెర్లిన్ వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. హోటల్లో ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళతో డబ్బు తీసుకుని డాన్స్ చేసే ఉద్యోగం కూడా కొన్నాళ్ళు చేసి, దాని మీదే పేపర్లో వ్యాసాలు రాశాడు. 1930లో పీపుల్ ఆన్ సండే అని కుర్రాళ్ళంతా కలిసి చేతి డబ్బులతో తీసిన సినిమాకి స్క్రిప్టు రాశాడు. ఆ కుర్రాళ్ళలో రాబర్ట్ సియోడ్‌మాక్, ఎడ్గర్ ఉల్మర్, ఫ్రెడ్ జిన్నెమన్ ఉన్నారు, తర్వాత అందరూ హాలీవుడ్ డైరెక్టర్లే.

1933లో బెర్లిన్‌లో పార్లమెంటు భవనం రైష్టాగ్ తగలబడింది. హిట్లర్ సంగతి అర్థమై వైల్డర్ పారిస్ పారిపోయాడు. అక్కడ ఇంకొకరితో కలిసి ఒక సినిమా డైరెక్ట్ చేసి, 1934లో హాలీవుడ్ చేరాడు. వీసా గడువు తీరితే దేశం దాటి మళ్ళీ రావాలి కాబట్టి మెక్సికోలోని మెహికాలీ వెళ్ళి కాన్సులేట్‌లో నిలబడ్డాడు. చేతిలో కావలసిన కాగితాలు సగం కూడా లేవు. ఏం పని చేస్తావని అడిగాడట ఆ ఆఫీసరు. సినిమాలు రాస్తాను అన్నాడు. ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, స్టాంపు కొట్టి, "అయితే మంచివి రాయి" అని పాస్‌పోర్టు చేతిలో పెట్టాడట. 1988లో ఆస్కార్ వేదిక మీద థాల్‌బర్గ్ అవార్డు తీసుకున్నప్పుడు ఈ కథంతా చెప్పి ఆ ఆఫీసరుకి థాంక్స్ చెప్పాడు. నిజంగా అలాగే జరిగిందా, చెప్పీ చెప్పీ ఆ షేపు వచ్చిందా అంటే నేను రెండోదానికే ఓటేస్తా, రిపోర్టరు కదా.

ఇంగ్లీషు ఎలా వచ్చిందంటే, మిగతా శరణార్థులతో కూర్చుని జర్మన్‌లో కాలక్షేపం చేయకుండా రేడియో వింటూ, అమెరికన్లతో తిరుగుతూ నేర్చుకున్నాడు. యాస చచ్చేదాకా పోలేదు. కానీ చెవి అద్భుతం. బయటి నుంచి వచ్చినవాడికి ఎదుటివాళ్ళు ఎలా మాట్లాడుతున్నారో వినబడుతుంది, అక్కడే పుట్టినవాడు దాన్ని పట్టించుకోడు. అయినా వాక్యం పొందిగ్గా కూర్చడానికి ఇంకో మనిషి కావాలి, అది ఆయనకి తెలుసు. 1936లో పారమౌంట్ వాళ్ళు బ్రాకెట్‌తో జత కలిపారు.

ఈ జతని చూస్తే నవ్వొస్తుంది. బ్రాకెట్ హార్వర్డ్‌లో లా చదివిన పెద్దింటి మనిషి, న్యూయార్కర్ పత్రికకి నాటక సమీక్షలు రాసినవాడు, రిపబ్లికన్. వైల్డర్ చేతిలో బెత్తం పట్టుకుని గదిలో చకచకా తిరుగుతూ ఐడియాలు విసురుతుంటే బ్రాకెట్ సోఫాలో వాలి పసుపు కాగితాల మీద రాసుకునేవాడు. అరుపులు, వస్తువులు విసురుకోవడాలు మామూలే. అయినా 1936 నుంచి 1950 దాకా కలిసే ఉన్నారు. నినోచ్కా, మిడ్‌నైట్, బాల్ ఆఫ్ ఫైర్ వేరేవాళ్ళు డైరెక్ట్ చేస్తే, తర్వాత వైల్డర్ డైరెక్టరు, బ్రాకెట్ నిర్మాత, రచన ఇద్దరిదీ. 1945 లాస్ట్ వీకెండ్‌కి ఆస్కార్‌లలో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, హీరో రే మిలండ్‌కి నటన, నాలుగూ వచ్చాయి.

మీ ప్రశ్నకి నా జవాబు: పాలు లెక్కపెట్టలేం, వాళ్ళూ పెట్టుకోలేదు. సన్‌సెట్ బులెవార్డ్ తర్వాత విడిపోయారు, బ్రాకెట్ వేరేవాళ్ళతో కలిసి 1953 టైటానిక్ రాసి ఇంకో ఆస్కార్ కొట్టాడు, వైల్డర్ వేరేవాళ్ళతో రాసి ఇంకా కొట్టాడు. ఒకరి మీద ఒకరు బతికినవాళ్ళయితే విడిపోగానే ఎవరో ఒకరు చతికిలబడాలి కదా.

గోదారిగట్టు:

రీలుపెట్టె గారు బాగా రాశారు గానీ అసలు డైరెక్టర్ ఎందుకయ్యాడో చెప్పకుండా దాటేశారు. బొద్దింక కథ చెప్పండి సార్!

సరే నేనే చెప్తా. హోల్డ్ బ్యాక్ ది డాన్ అని 1941 సినిమా. హీరో షార్ల్ బోయే, అమెరికా వీసా దొరక్క మెక్సికోలో డొక్కు హోటల్లో పడి ఉంటాడు (మెహికాలీ గుర్తొచ్చిందా). గోడ మీద బొద్దింక పాకుతుంటే దాన్ని కర్రతో ఆపి "ఎక్కడికి పోతున్నావ్, నీ వీసా ఏది, కాగితాలు చూపించు" అంటాడు, ఆఫీసర్లు తనని అన్నట్టే. బ్రాకెట్, వైల్డర్ రాసిన సీను అది. షూటింగ్‌లో బోయే నేను బొద్దింకతో మాట్లాడను అన్నాడు, అది తిరిగి జవాబు చెప్పలేనప్పుడు దాంతో మాట్లాడడమేంటి అని. డైరెక్టరు మిచెల్ లైసన్ సరే తీసేద్దాం అన్నాడు. వైల్డర్‌కి తిక్కరేగింది. స్క్రిప్టు చివరి భాగం ఇంకా రాస్తున్నారు అప్పటికి. "బొద్దింకతో మాట్లాడనివాడు ఇంకెవరితోనూ మాట్లాడక్కర్లేదు" అని బోయే డైలాగులు కోసేసి హీరోయిన్‌కి పెంచారు. ఆ కోపంతోనే నా స్క్రిప్టు నేనే తీసుకుంటా అని పట్టుబట్టాడు.

అప్పటికి దారి వేసింది ప్రెస్టన్ స్టర్జెస్. 1940లో అదే పారమౌంట్‌లో, నా స్క్రిప్టు 10 డాలర్లకి ఇస్తా, నన్నే డైరెక్ట్ చేయనివ్వండి అని బేరం పెట్టి సాధించాడు, ఆ స్క్రిప్టుకే ఆస్కార్ వచ్చింది. తర్వాతి ఏడాది వార్నర్స్‌లో జాన్ హ్యూస్టన్. ఆ వరసలోనే 1942లో వైల్డర్ ది మేజర్ అండ్ ది మైనర్ తీశాడు. స్టూడియోవాళ్ళు వీడేదో మేధావి సినిమా తీసి దెబ్బ తిని మళ్ళీ టైప్‌రైటర్ దగ్గరికే వస్తాడనుకున్నారు. ఆయన జింజర్ రోజర్స్‌ని పెట్టి పక్కా కమర్షియల్ కామెడీ తీసి కూర్చున్నాడు.

కానీ నా కంప్లయింట్ ఒకటుంది. ఆయన రైటరే, డైరెక్టర్‌గా నాకు అంతగా ఆనడు. కెమెరా ఎక్కడో ఒక మూల పెట్టి మనుషుల్ని మాట్లాడించినట్టు ఉంటుంది. అదే టైమ్‌లో హిచ్‌కాక్, ఆర్సన్ వెల్స్ చూడండి. వీళ్ళ ముందు వైల్డర్ సినిమా అంటే బాగా రాసిన నాటకం. తిట్టుకున్నా పర్లేదు.

నైట్‌షో:

తిట్టను బ్రో, కానీ కళ్ళు చెక్ చేయించుకో 😄

డబుల్ ఇండెమ్నిటీలో ఆ వెనీషియన్ బ్లైండ్స్ (కిటికీకి వేసే అడ్డపట్టీల తెర) నీడలు హీరో ఒంటి మీద జైలు ఊచల్లా పడతాయి, ఆ తర్వాత వచ్చిన క్రైమ్ సినిమాలన్నీ అదే పట్టుకున్నాయి. కెమెరామన్ జాన్ సైట్జ్. అందులోనే హీరో ఫ్లాట్ తలుపు సీను, హీరోయిన్ కారిడార్లో తలుపు వెనక దాక్కుంటుంది. మామూలుగా ఇంటి తలుపు లోపలికి తెరుచుకోవాలి. ఇక్కడ బయటికి తెరుచుకుంటుంది, ఎందుకంటే లేకపోతే సీనే లేదు. చూస్తున్నప్పుడు ఒక్కడికీ డౌట్ రాదు. సన్‌సెట్ బులెవార్డ్‌లో స్విమ్మింగ్ పూల్లో తేలుతున్న శవాన్ని కింద నుంచి చూసే షాట్ ఉంది కదా, అది పూల్ అడుగున అద్దం పెట్టి అందులో ప్రతిబింబాన్ని పై నుంచి తీశారు. అపార్ట్‌మెంట్‌లో ఆ ఆఫీసు, చివర కనబడనంత దూరం బల్లలు, అది అలెగ్జాండర్ ట్రౌనర్ వేసిన సెట్టు. వెనక్కి వెళ్ళేకొద్దీ బల్లలు చిన్నవి, కూర్చున్న మనుషులూ చిన్నవాళ్ళే. ఆయనకి దానికి ఆస్కార్ ఇచ్చారు.

ఇవి కూడా వదిలెయ్. అపార్ట్‌మెంట్‌లో పగిలిన అద్దం గుర్తుందా? హీరో జాక్ లెమన్ తన ఫ్లాట్‌ని బాస్ చాటుగా అమ్మాయితో గడపడానికి ఇస్తుంటాడు. ఆ అమ్మాయి అక్కడ చిన్న మేకప్ అద్దం మర్చిపోయి పోతుంది, పగిలి ఉంటుంది, అది బాస్‌కి తిరిగి ఇచ్చేస్తాడు. తర్వాత ఆఫీసు పార్టీలో తను మనసుపడ్డ షిర్లీ మెక్లీన్ మొహం చూసుకొమ్మని అదే అద్దం చేతికిస్తుంది. అతను అందులో తన మొహం రెండు ముక్కలుగా చూస్తాడు. అంతే. బాస్‌తో ఉన్నది ఈ అమ్మాయే అని మనకి ముందే తెలుసు, అతనికి ఇప్పుడు తెలుస్తుంది, ఎవరూ ఏమీ చెప్పరు. ఇది నాటకంలో చెయ్యి చూద్దాం, వెనక బెంచీవాడికి అద్దం కూడా కనబడదు. రాయడం, తీయడం వేరు కాదు ఆయనకి. కెమెరా కదిలితేనే డైరెక్షన్ అనుకోవడం మన రోగం.

ఇక అసలు ప్రశ్న. పేపర్‌పెన్ను బ్రో, మీరు తప్పక తెలుసుకోవాల్సింది చాండ్లర్ ఎపిసోడ్. డబుల్ ఇండెమ్నిటీ నవల జేమ్స్ ఎం. కెయిన్‌ది. భర్తని చంపి ఇన్సూరెన్స్ డబ్బు కొట్టేసే కథ, బ్రాకెట్‌కి అది నీచంగా అనిపించి నేను రాయను పొమ్మన్నాడు. అప్పుడు డిటెక్టివ్ నవలలు రాసే చాండ్లర్‌ని పిలిచారు. అప్పటికి ఆయన స్క్రిప్టు అనేది రాయలేదు. వైల్డర్‌కి నవల్లోని డైలాగులు తెగ నచ్చాయి, అవే వాడదామంటాడు. చాండ్లర్ కాదంటాడు, అవి కంటితో చదువుకోడానికి రాసిన మాటలు, నోట్లో నుంచి వస్తే తేలిపోతాయి అని. తేలక చివరికి నటుల్ని పిలిచి పైకి చదివించారు. చాండ్లర్ చెప్పిందే కరెక్ట్. వైల్డర్ ఒప్పుకుని మార్పించాడు. మాటలు రాసేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే కథ నాకు తెలీదు.

అలాగని వాళ్ళిద్దరికీ పడిందనుకోకండి. అస్సలు పడలేదు. చాండ్లర్ ఒక రోజు రావడం మానేసి స్టూడియోకి ఫిర్యాదు రాసి పంపాడు. వైల్డర్ బెత్తం నా మొహం ముందు ఊపుతున్నాడు, కిటికీ వెయ్యి తలుపు వెయ్యి అని ప్లీజ్ అనకుండా ఆర్డర్లేస్తున్నాడు, పని మధ్యలో అమ్మాయిలతో ఫోన్లు... ఇలాంటివి. చాండ్లర్ మందు మానేసి ఉన్నాడు, ఈ టెన్షన్‌కి మళ్ళీ మొదలుపెట్టాడు. తాగుడు మనిషి కథ లాస్ట్ వీకెండ్ మీద వైల్డర్‌కి ఆసక్తి పుట్టడానికి చాండ్లర్‌తో గడిపిన ఆ నెలలు ఒక కారణం అంటారు. ఒకరినొకరు భరించలేని ఇద్దరు కలిసి రాసింది ఇప్పటికీ క్లాసుల్లో పాఠంగా చెప్తున్నారు. కాబట్టి మీ ఫ్రెండుతో "నీదా నాదా" గొడవ చాలా చిన్నది, ఊరుకోండి.

గోదారిగట్టు:

అద్దం పాయింట్ ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను. స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ చూసి మాట్లాడు, నిద్ర గ్యారంటీ.

నైట్‌షో:

అది ఎవరూ డిఫెండ్ చేయరు లే.

కాలిఫోర్నియా వదిన:

నేను లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటాను. వెస్ట్‌వుడ్‌లో ఎత్తైన ఆఫీసు బిల్డింగుల మధ్య ఇరుక్కుని ఒక చిన్న శ్మశానం ఉంది, వైల్డర్ సమాధి అక్కడే. రాయి మీద "నేను రచయితని, అయినా లోపం లేనివాళ్ళు ఎవరుంటారు" అన్న అర్థం వచ్చే మాట చెక్కి ఉంటుంది. డైరెక్టర్ అని కాదు, రచయిత అని. చుట్టుపక్కల జాక్ లెమన్, వాల్టర్ మాథౌ, మారిలిన్ మన్రో కూడా ఉన్నారు. ఇంటికి చుట్టాలొస్తే మన్రో సమాధి చూపించమంటారు, నేను ఈయన దగ్గరికి కూడా లాక్కెళ్తాను, వాళ్ళకి బోరే పాపం.

తమ్ముడూ పేపర్‌పెన్నూ, నీ ప్రశ్నకి తమాషా ఏంటంటే ఆ రాతి మీదున్న "లోపం లేనివాళ్ళు ఎవరుంటారు" అన్న మాట అసలు వైల్డర్‌ది కాదు. సమ్ లైక్ ఇట్ హాట్‌లో ఆఖరి డైలాగు అది. ఆడవేషంలో ఉన్న లెమన్ నేను మగాణ్ణి అని విగ్గు పీకి చూపిస్తే, పెళ్ళాడతానంటున్న కోటీశ్వరుడు తొణక్కుండా ఆ మాట అంటాడు. షూటింగ్ ముందు రాత్రి ఇద్దరూ కూర్చుంటే డైమండ్ ఇచ్చాడు ఆ మాట. వైల్డర్‌కి మరీ అంతగా అనిపించలేదు, ప్రస్తుతానికి పెట్టుకుందాం, ఇంకా మంచిది తడితే మారుద్దాం అన్నాడు. ఏమీ తట్టలేదు. ఈ సంగతి ప్రపంచానికి చెప్పింది వైల్డరే, ఎవరడిగినా అది ఇజ్జీది అనేవాడు. డైమండ్‌ని ఇజ్జీ అని పిలిచేవాళ్ళు.

డైమండ్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? ఆయనా వలస వచ్చినవాడే. ఇప్పటి మాల్డోవాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చాడు, కొలంబియా యూనివర్సిటీలో చదివాడు. స్కూల్లో లెక్కల పోటీల్లో చాంపియన్, ఐ.ఎ.ఎల్. అంటే "ఇంటర్‌స్కొలాస్టిక్ ఆల్జీబ్రా లీగ్" అని తనే జోకేసేవాడు. 1957లో లవ్ ఇన్ ది ఆఫ్టర్నూన్‌తో కలిశారు. బ్రాకెట్‌తో లాగా అరుపులు లేవు. పొద్దున్నే వచ్చి ఆఫీసు గుమస్తాల్లా కూర్చునేవాళ్ళు. వైల్డర్ తిరుగుతూ మాట్లాడేవాడు, డైమండ్ టైప్‌రైటర్ దగ్గర మౌనంగా. ఎంత గొప్ప ఐడియా చెప్పినా డైమండ్ నోటి నుంచి వచ్చే పెద్ద మెచ్చుకోలు "పెట్టుకోవచ్చుగా" అన్నంత వరకే. షూటింగ్‌లో కూడా స్క్రిప్టు పట్టుకుని పక్కనే ఉండేవాడు, నటులు ఒక్క ముక్క మార్చినా ఊరుకునేవాడు కాదు. అందుకే కదా సమ్ లైక్ ఇట్ హాట్‌లో మన్రోతో అన్ని టేకులు, రెండు మూడు మాటల లైన్లకి కూడా.

1961 ఆస్కార్ వేడుకలో అపార్ట్‌మెంట్‌కి వైల్డర్ ఒకే రాత్రి మూడు అందుకున్నాడు, నిర్మాతగా, దర్శకుడిగా, రచయితగా. మూడోది డైమండ్‌తో కలిసి. ఆ సినిమా షూటింగ్ మొదలైనప్పుడు స్క్రిప్టు పూర్తి కాలేదు. మెక్లీన్ అప్పుడు ఖాళీ టైములో పేకాట నేర్చుకుంటోందని వీళ్ళకి తెలిసి దాన్ని కథలో పెట్టేశారు, చివరికి సినిమా దాని మీదే ఆగుతుంది. లెమన్ నిన్ను ప్రేమిస్తున్నా అని చెప్తుంటే ఆమె "నోరు మూసుకుని ముక్కలు పంచు" అంటుంది. ప్రేమకథకి ఇంత పొడిగా ఇంత తియ్యగా ముగింపు ఇంకెక్కడైనా చూశారా?

క్రెడిట్ సంగతి. ఇక్కడ తెర మీద ఎవరి పేరు పడాలన్నది నిర్మాత ఇష్టం కాదు. గొడవ వస్తే రైటర్స్ గిల్డ్ (ఇక్కడి రచయితల సంఘం) ముగ్గురు రచయితల చేత డ్రాఫ్టులన్నీ చదివించి తేలుస్తుంది, ఆ ముగ్గురెవరో బయటికి చెప్పరు. డైరెక్టరో నిర్మాతో "నేనూ రాశాను" అంటే వాళ్ళకి రూలు ఇంకా గట్టిగా ఉంటుంది. మీరు మాత్రం ఏది రాసినా రైటర్స్ అసోసియేషన్‌లో రిజిస్టర్ చేసుకోండి ఇద్దరి పేరుతో, డ్రాఫ్టులు తేదీలతో మెయిల్లో దాచుకోండి. స్నేహం చెడకూడదంటే కాగితం ముందే ఉండాలి.

పేపర్‌పెన్ను:

అబ్బా, ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ థాంక్స్. వదినగారూ, ఆ రిజిస్ట్రేషన్ పని ఈ వారమే పెట్టుకుంటాం.

నైట్‌షో గారు చెప్పిన "పైకి చదివించడం" ఇవాళే మా ఫ్రెండ్‌తో చేసి చూశాను, ఒక సీనులో సగం లైన్లు ఎగిరిపోయాయి. ఎవరు రాసినవి ఎగిరాయో మాత్రం అడక్కండి.

ఇంకో డౌట్. అపార్ట్‌మెంట్ తర్వాత ఈయన పేరు పెద్దగా వినబడదు. అంత టీమ్ ఉండి ఏమైంది?

రీలుపెట్టె:

కాలం మారింది, ఇంకేం కావాలి. వన్ టూ త్రీ 1961లో బెర్లిన్‌లో తీస్తుంటే ఆగస్టులో రాత్రికి రాత్రి గోడ లేచింది. బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర షూటింగ్ ఆగిపోయి మ్యూనిక్‌లో గేటు సెట్టు వేసుకోవాల్సి వచ్చింది. సినిమా రిలీజయ్యేసరికి బెర్లిన్ మీద జోకులకి నవ్వే మూడ్‌లో ఎవరూ లేరు. 1963 ఇర్మా లా డూస్ బాగా ఆడింది. 1964 కిస్ మీ స్టుపిడ్‌కి పీటర్ సెల్లర్స్ షూటింగ్ మధ్యలో గుండెపోటుతో తప్పుకున్నాడు, కాథలిక్ సంఘం సినిమా చూడొద్దని ఖండించింది, దారుణంగా పోయింది. 1970లో షెర్లాక్ హోమ్స్ మీద మూడు గంటల పైన తీసిన సినిమాని గంటకు పైగా కోసేసి వదిలారు, తీసేసిన ముక్కల్లో కొన్ని ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. బొద్దింక సీను పోయిందని డైరెక్టర్ అయిన మనిషికి అది ఎలా ఉండుంటుందో. చివరిది 1981 బడీ బడీ. ఆ తర్వాత కూడా డైమండూ ఆయనా కొన్నాళ్ళు ఆఫీసుకి వచ్చి కూర్చుని ఐడియాలు మాట్లాడుకునేవాళ్ళు, ఎవరూ డబ్బు పెట్టలేదు. 1988 ఏప్రిల్‌లో వైల్డర్‌కి థాల్‌బర్గ్ అవార్డు వచ్చింది, అదే నెలలో డైమండ్ పోయాడు. వైల్డర్ 2002 మార్చి 27 దాకా, 95 ఏళ్ళు బతికాడు. ఇంకో సినిమా తీయలేదు.

మరోటి చెప్పాలి, ఎందుకంటే జోకుల మనిషి అనే ముద్ర పడిపోయింది ఆయనకి. వాళ్ళమ్మ, అమ్మమ్మ, సవతి తండ్రి నాజీల చేతుల్లో చనిపోయారు. 1945లో అమెరికా సైన్యం తరఫున జర్మనీ వెళ్ళి కాన్సన్‌ట్రేషన్ క్యాంపుల మీద డెత్ మిల్స్ అనే 22 నిమిషాల డాక్యుమెంటరీ పని చూశాడు. స్టాలాగ్ 17 అని 1953లో హిట్ సినిమా, యుద్ధఖైదీల క్యాంపు కథ. జర్మనీలో ఆడాలంటే అందులో గూఢచారి జర్మన్ కాదు, పోలండ్ వాడని డబ్బింగ్‌లో మార్చుదామని పారమౌంట్ వాళ్ళు అడిగారు. తన కుటుంబం ఏమైందో తెలిసి కూడా ఇలా అడుగుతారా అని మండిపడి, ఏళ్ళ తరబడి పనిచేసిన స్టూడియో వదిలి వచ్చేశాడు. షిండ్లర్స్ లిస్ట్ కథ కూడా చివరి సినిమాగా తనే తీయాలనుకున్నాడు, అది స్పీల్‌బర్గ్ చేతికి వెళ్ళింది.

నైట్‌షో:

చూడనివాటిలో ఏస్ ఇన్ ది హోల్ ముందు చూడండి. 1951. గుహలో మనిషి ఇరుక్కుంటే వార్త పెద్దదవ్వాలని రిపోర్టరు రక్షణ పని కావాలనే ఆలస్యం చేయిస్తాడు. బయట జనం, షాపులు, జాతర. బ్రాకెట్ నుంచి విడిపోయాక మొదటి సినిమా, అప్పట్లో ఫ్లాప్. మన న్యూస్ ఛానళ్ళు చూసేవాళ్ళకి కొత్తగా ఏమీ అనిపించదు, అదే భయం.

గోదారిగట్టు:

దానికి నా ఓటు కూడా. తర్వాత వన్ టూ త్రీ. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, జేమ్స్ కాగ్నీ ఊపిరి తీసుకోకుండా వాగుతాడు, ఆ సినిమా తర్వాత ఆయన 20 ఏళ్ళు వెండితెర జోలికి రాలేదు. అలా మాటలు పరిగెత్తించాలంటే డైరెక్షన్ రావాలి, అది ఒప్పుకుంటా నైట్‌షో బ్రో, ఇక వదిలెయ్.

నైట్‌షో:

స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ నేను మళ్ళీ చూస్తా, నువ్వు అపార్ట్‌మెంట్ మళ్ళీ చూడు. ఆదివారం ఇక్కడే కలుద్దాం.